దొరసాని ప్రయాణం ఎంతసేపు?

జూలో ఆమెను అందరూ ఎందుకమ్మ అనే పిలుస్తారు. ఆ పేరు పెట్టింది అక్కడి పశువుల డాక్టరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె ఆయన వెనకాలే తిరుగుతూ, జిరాఫీ నాలుక ఎందుకు నల్లగా ఉంది, గుడ్లగూబ కళ్ళు తిప్పకుండా మెడెందుకు తిప్పుతుంది, మొసలి నోరు తెరుచుకునే ఎందుకు పడుకుంటుంది అని చెవిలో జోరీగలా అడుగుతూ ఉండేది. ఆయన ఓర్చుకున్నంతకాలం ఓర్చుకుని, ఒకరోజు చేతులెత్తి దండం పెట్టి, "అమ్మా, నీ అసలు పేరేదైనా సరే, ఇవాళ్టి నుంచి నువ్వు ఎందుకమ్మవి" అన్నాడు. ఆమె నొచ్చుకోలేదు. "ఎందుకండీ?" అంది.

ఆమెను తీసుకున్నది జంతువుల వంటశాలలో కూరగాయలు తరగడానికి. అక్కడే గంపలకొద్దీ క్యారెట్లు తరుగుతూ రిటైరైపోవలసిన మనిషి. కానీ ఆ ఏడాది ఖడ్గమృగం ఒకటి ఈని, బిడ్డను సరిగా నాకనైనా నాకకుండా కన్నుమూసింది. పిల్లకు సీసాపాలు పట్టబోతే అది ఎవరి దగ్గరా తాగలేదు. పెద్ద పెద్ద అనుభవమున్న కాపరులు వచ్చారు, బుజ్జగించారు, నోరు బలవంతంగా తెరిచారు, పాలు ఒలకబోసుకుని వెళ్ళిపోయారు. అందరూ ఆశ వదులుకున్న పూట ఎందుకమ్మ అక్కడికి వెళ్ళింది. నిజం చెప్పుకోవాలంటే ఆవిడ పిల్లను బతికిద్దామని వెళ్ళలేదు. పొడి కలిపి చేసిన ఆ పాలు తియ్యగా ఉంటాయా, చప్పగా ఉంటాయా చూద్దామని వెళ్ళింది. అరచేతిలో కాసిని పోసుకుని నాకి, చప్పగా ఉన్నాయని మొహం చిట్లించింది. అప్పటిదాకా మూల నక్కిన పిల్ల లేచి తూలుకుంటూ వచ్చి, ఆ అరచేతిలో మిగిలిన చుక్కలు నాకింది. అంతే, ఆమె బతుకు కూరగాయల కత్తి దగ్గర్నుంచి ఖడ్గమృగాల శాలకు మారిపోయింది.

ఆ పిల్లే ఇప్పుడు దొరసాని. దానికి ముక్కు మీద కొమ్మూ ఉంది, కోపమూ ఉంది. బురద తన ఇష్టప్రకారం పలచగా లేకపోతే దిగదు. అరటిపండు తొక్క వలిచి పెడితే మొహం తిప్పుకుంటుంది, తొక్కతోనే కావాలి. కళ్ళు అంతంతమాత్రం, పది అడుగుల అవతల మనిషో స్తంభమో పోల్చుకోలేదు. చెవులు మాత్రం, అమ్మో, వంటశాలలో యాపిల్ కోస్తే ఇక్కడ లేచి కూర్చుంటుంది.

ఒకరోజు డాక్టరు శాలకు వచ్చి, చాలాసేపు దొరసాని కాళ్ళవైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన కాళ్ళవైపు చూస్తున్నాడంటే ఏదో చెప్పలేని మాట ఉందని ఎందుకమ్మకు తెలుసు.

"దీన్ని పంపించేస్తున్నాం ఎందుకమ్మా. చాలా దూరం. అక్కడ జూలో దీని ఈడు మగది ఉంది. ఇక్కడ ఒంటరిగా ఉంచితే గొడ్డుపోతుంది, పైగా లోపల జబ్బులు మొదలవుతాయి."

ఈసారి ఆమె ఎందుకు అని అడగలేదు. ఎందుకో ఆయనే చెప్పేశాడు, అది కాదనడానికి లేదు. దొరసాని పొద్దస్తమానం అవతలి ఖాళీ గది గోడకేసి చెవులు నిక్కించుకుని నిలబడటం ఆమె రోజూ చూస్తున్నదే. ఆ గదిలో ఒకప్పుడు దాని తల్లి ఉండేది.

"సామాన్ల విమానంలో వెళ్తుంది. నేనూ వస్తాను, నువ్వూ రావాలి. మత్తు ఎక్కువిస్తే దీనికి ఊపిరి ఆడదు. మెలకువగా, నెమ్మదిగా వెళ్ళాలి. అందుకని బోను అలవాటు చెయ్యి. ప్రయాణం ఎంతసేపో దానికంటే ఇంకో గంట ఎక్కువ లోపల ఉండగలిగితే చాలు. విమానంవాళ్ళ టైములు నీ ఫోనుకు పంపిస్తాను, చూసుకో." అని చెప్పి, వేరే ఊరి జూలో ఏనుగుకు దంతం ఆపరేషన్ ఉందని, అది కోలుకునేదాకా అక్కడే ఉండాలని ఆయన ఆ సాయంత్రమే బయలుదేరిపోయాడు.

ఇంట్లో టైములు చూడటమనే పని ఎందుకమ్మది కాదు. ఆమె భర్త బస్సు డిపోలో టైంకీపరు. గేటు పక్క గదిలో కూర్చుని ఏ బస్సు ఎప్పుడు బయలుదేరింది, ఎప్పుడు చేరింది రాసే మనిషి. ఆయన పుట్టినరోజు ఆయనకు గుర్తుండదు గానీ, రైల్వే గేటు పడితే ఏ బస్సు ఎంత ఆలస్యమవుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆమె ఫోను ముందుపెట్టగానే కళ్ళజోడు సవరించుకుని ఠీవిగా కూర్చున్నాడు.

"బయలుదేరడం పొద్దున ఎనిమిది. చేరడం మధ్యాహ్నం రెండు. ఆరు గంటలు."

"అంతేనా? చాలా దూరమన్నాడే డాక్టరుగారు."

"అది విమానమే! మన బస్సనుకున్నావా, దారిలో టీ తాగడానికి ఆపడానికి? ఆరంటే ఆరే. మా దూరపు సర్వీసు ఇంతకంటే ఎక్కువ తీసుకుంటుంది తెలుసా?" అన్నాడు, ఆ గొప్పేదో తన డిపోదే అయినట్టు.

ఎందుకమ్మకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేం. ఆరు గంటలంటే ఒక పగలు కూడా కాదు. పొద్దున్నే అన్నం వండిపెట్టి వెళ్ళి, దొరసానిని చూసి, మర్నాటికి తిరిగి రావచ్చు. దూరమన్నది ఒట్టి మాట, అక్కడికీ ఇక్కడికీ మధ్య ఉన్నది ఆరు గంటలే అని ఆమె మనసులో పదిసార్లు చెప్పుకుంది. చెప్పుకున్న ప్రతిసారీ దొరసాని కాస్త దగ్గరికి జరిగినట్టుండేది.

బోను వచ్చింది. చెక్కా ఇనుమూ కలిపి చేసిన పెద్ద పెట్టె, రెండు చివరలా తలుపులు. మొదట రెండు తలుపులూ తీసి ఉంచి లోపల గడ్డి వేశారు. దొరసాని తల పెట్టి తిని, తల తీసేసింది. తరవాత ముందు కాళ్ళు, ఆ తరవాత మొత్తం. ఒక తలుపు మూశారు, ఆపైన రెండూ. ఎందుకమ్మ బోను పక్కనే ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేది. విమానంలోనూ తను అలాగే పక్కన ఉంటుంది కదా, ఇప్పట్నుంచే అలవాటవ్వాలి. టైంకీపరుగారు తన వంతు సాయంగా డిపోలో పాత బస్సు ఇంజను మోతను ఫోనులో రికార్డు చేసి తెచ్చి, స్పీకరు పెట్టి వినిపించాడు. "విమానం మోత ఇలా గడగడలాడదేమో" అని ఆమె అంటే, "దీనికి అలవాటైతే విమానం మోత జోలపాటే" అన్నాడు. మాట కాదనలేం.

గంట నుంచి రెండు, రెండు నుంచి నాలుగు, అలా అలా ఆరు దాటి ఏడు గంటలకు తీసుకొచ్చారు. ఏడు నిండగానే తలుపు తీయడం, యాపిల్ పెట్టడం. మధ్య మధ్య డాక్టరు ఫోను చేసి "ఎంతవరకూ వచ్చింది?" అంటే, "ఆరు దాటిందండీ" అనేది. "బాగుంది, బాగుంది, కానీ" అనేవాడాయన. ఆయన దృష్టిలో సగం దారికి రాలేదు, ఆమె దృష్టిలో పని పూర్తయింది. ఇద్దరూ సంతోషంగానే ఫోను పెట్టేసేవాళ్ళు.

ప్రయాణం రెండు వారాల్లోకి వచ్చాక ఎందుకమ్మ తిరుగు టికెట్టు ఫోనులోకి వచ్చింది. యథాప్రకారం భర్త ముందు పెట్టింది. ఆయన చూశాడు. మళ్ళీ చూశాడు. కళ్ళజోడు తీసి తుడిచి చూశాడు.

"అక్కడ సాయంత్రం నాలుగుకు బయలుదేరి, ఇక్కడికి మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు చేరతావట. ఇరవై ఒక్క గంటలు."

"వెళ్ళడానికి ఆరూ, రావడానికి ఇరవై ఒకటా? ఎందుకు?"

"మధ్యలో ఎక్కడైనా ఆగుతుందేమో."

"ఆగదని రాశారుగా."

"చుట్టుదారిలో వస్తుందేమో."

"ఆకాశంలో రోడ్డు పనులు జరుగుతున్నాయా ఏమిటి?"

"కొండెక్కే దారి అయితే బస్సుకు కూడా..." అని మొదలుపెట్టి, తన మాట తనకే నచ్చక టైంకీపరుగారు మళ్ళీ కళ్ళజోడు తుడుచుకున్నాడు.

ఇంకొకరైతే పెద్దవాళ్ళ లెక్క మనకేం తెలుసని వదిలేసేవారు. ఈవిడ వదలదు. కూర కలుపుతూ, బట్టలు ఆరేస్తూ, బస్సులో నిలబడి కూడా అదే ఆలోచన. దారి అదే, దూరం అదే, విమానమూ ఇంచుమించు అదే. మరి ఆ మిగతా గంటలు ఎక్కడివి? పొద్దున్నే జూకు రాగానే విమానంవాళ్ళ ఆఫీసుకు ఫోను చేసింది. అవతల ఒక అమ్మాయి ఓపిగ్గా విని నవ్వింది.

"అదేం లేదండీ, బయలుదేరే టైము మనది, చేరే టైము వాళ్ళది. మన గడియారంలో ఎనిమిది కొట్టినప్పుడు వాళ్ళ గడియారం ఎనిమిది గంటలు వెనక, అక్కడ అర్ధరాత్రి."

"మరి విమానంలో కూర్చోవలసింది ఎంతసేపమ్మా?"

"పద్నాలుగు గంటలు. వచ్చేటప్పుడు పదమూడే, గాలి వెనకనుంచి తోస్తుంది."

ఎందుకమ్మ ఫోను పెట్టేసింది. ఎదురుగా బోనులో దొరసాని ఆ రోజు సాధనలో ఉంది. ఎందుకమ్మకు కొన్నాళ్ళుగా గర్వంగా అనిపిస్తున్న విషయమొకటి ఇప్పుడు గుండె గుభేలుమనిపించింది. ఏడు గంటలు దగ్గరపడగానే దొరసాని తనంతట తనే లేచి, కొమ్ముతో తలుపును ఠంగున కొడుతుంది, టైమైంది తియ్యమన్నట్టు. "చూశారా దీని తెలివి!" అని ఆమె అందరికీ చెప్పుకుంది. ఆకాశం మధ్యలో, ఏడో గంటకు అది అలాగే లేచి కొడుతుంది. ఎవరూ తలుపు తీయరు. ఇంకా గట్టిగా కొడుతుంది. కొమ్ము విరుగుతుంది, లేదా బోనే విరుగుతుంది. తను దానికి నేర్పింది ప్రయాణం కాదు, ఏడు గంటలు నిండితే తలుపు తెరుచుకుంటుందని.

డ్యూటీ దిగి శాలకు వచ్చిన టైంకీపరుగారి మొహం సంగతి విని చిన్నబోయింది. "మా డిపోలో ఎక్కడ బయలుదేరినా, ఎక్కడ చేరినా గడియారం ఒక్కటేనే" అన్నాడు. తరవాత వేళ్ళమీద ఏదో లెక్కపెట్టి నుదురు కొట్టుకున్నాడు. "పోయేదీ వచ్చేదీ కలిపి సగం చేస్తే పదమూడున్నర! కొత్త దారి వేసినప్పుడల్లా డిపోలో మేం చేసే లెక్కే ఇది. చేతిలో ఉన్న లెక్క చెయ్యకుండా పప్పులో కాలేశాను."

డాక్టరుకు చెప్పాలి. చెబితే ప్రయాణం ఆగిపోవచ్చు. ఆ మాట తోచగానే ఎందుకమ్మ మనసు ఒక్కసారి ఎగిరి గంతేసింది. ఆగిపోతే దొరసాని ఇక్కడే ఉంటుంది! ఆ సంతోషం చూసి ఆమెకే సిగ్గేసింది. బోను తలుపు తీస్తే దొరసాని బయటికొచ్చి యాపిల్ తిని, మళ్ళీ ఆ ఖాళీ గోడ దగ్గరికే వెళ్ళి నిలబడింది.

డాక్టరు ఫోనులో ఆమె చెప్పిందంతా విన్నాడు. "తప్పు నాది కూడా. ఎన్ని గంటలో నోటితో చెప్పాల్సింది. సరే, నేను వచ్చేసరికి అది కనీసం ఆ పద్నాలుగు గంటలైనా గొడవ చెయ్యకుండా ఉంటే వెళ్దాం. లేకపోతే ఆపేద్దాం. ఈ అవకాశం మళ్ళీ ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను."

మర్నాడు ఏడు గంటలు నిండినా తలుపు తీయలేదు. దొరసాని కొట్టింది, చెక్క పగిలేలా కొట్టింది. ముక్కు దగ్గర చర్మం గీసుకుని రక్తం చిమ్మింది. ఎందుకమ్మ ఏడుస్తూ తలుపు తీసేసింది.

ఆ తరవాత ఆమె ఒక్కటే ప్రశ్న పట్టుకుంది. దీనికి గడియారం లేదు. ఏడయిందని దీనికి ఎలా తెలుస్తోంది? ఎండను బట్టేమో అని బోను మీద పట్టా కప్పింది. లాభం లేదు. ఆకలిని బట్టేమో అని మధ్యలో రెండుసార్లు గడ్డి వేసింది. తిని మరీ కొట్టింది. భర్త డ్యూటీ దిగి వచ్చే చప్పుడేమో అని ఆయన్ని రావద్దంది. తాళంచెవుల మోతేమో అని ఆ గుత్తి ఆఫీసులో పెట్టి వచ్చింది. బస్సు ఇంజను రికార్డు ఆపి చూసింది, పెంచి చూసింది. పక్షుల శాల వాళ్ళ ఈల అని ఒకరోజు, నీళ్ళ మోటారని ఒకరోజు అనుమానపడింది. తల ప్రాణం తోకకు వచ్చింది గానీ గడియారం దొరకలేదు.

చివరికి టైంకీపరుగారు సెలవు పెట్టాడు. ఉద్యోగంలో చేరాక జ్వరం రాకుండా ఆయన పెట్టిన సెలవు బహుశా అదొక్కటే. దూరంగా చెట్టుకింద బల్లమీద కూర్చుని పొద్దున్నించీ అలా చూస్తూనే ఉన్నాడు. దొరసాని లేచి తలుపు కొట్టగానే దగ్గరికి వచ్చి అన్నాడు.

"దాని గడియారం నువ్వే."

"నేనా? నేనేం చేశాను? కదలకుండా కూర్చున్నాగా!"

"కదలకుండానా? మధ్యాహ్నం దాకా బాగానే కూర్చున్నావు. తరవాత్తరవాత చూడాలి నీ సంగతి. కుర్చీ కిర్రుమనడం, పైట సర్దుకోవడం, నిట్టూర్చడం, చేతి గడియారం చూడటం, మళ్ళీ కిర్రుమనడం. మా బస్సుల్లో ఇది రోజూ చూసేదే. బస్టాండు ఇంకా రెండు మైళ్ళుండగానే ఒకడు లేచి సంచీ తీస్తాడు. వాణ్ణి చూసి బస్సంతా లేచి నిలబడుతుంది. అది నిన్ను వింటోందే. నువ్వు దిగడానికి లేస్తున్నావు, అదీ లేస్తోంది."

ఎందుకమ్మ తన కుర్చీకేసి చూసుకుంది. తరవాత చేతి గడియారం విప్పి ఆయన చేతిలో పెట్టింది.

కదలకుండా కూర్చోవడం చాలదని మొదటిరోజే తెలిసింది. బలవంతాన బిగదీసుకుని కూర్చుంటే ఊపిరి బరువెక్కుతుంది, ఆ ఊపిరి కూడా దొరసాని వింటుంది. కాలం ఎప్పుడు గడుస్తుందా అన్న ఆలోచనే రాకూడదు. అది ఎలా? వంటలు తలుచుకుంది, చిన్నప్పటి స్నేహితురాళ్ళను తలుచుకుంది, కుదరలేదు. చివరికి ఆమెను గట్టెక్కించింది ఆమె పాత జబ్బే. విమానం అమ్మాయి చెప్పిన ఆ ఎనిమిది గంటలు మనసులో మెదిలాయి.

"ఒసే దొరసానీ, మనం ఎక్కేటప్పుడు అక్కడ అర్ధరాత్రట. మనం దిగేసరికి అక్కడ మధ్యాహ్నమే అవుతుందట. పద్నాలుగు గంటలు కూర్చుంటే ఆరే గడుస్తాయట. ఆ మిగతా ఎనిమిదీ ఏమైపోయినట్టు? ఎవరి దగ్గరున్నట్టు?"

దొరసాని ఒక చెవి తిప్పింది. ఎందుకమ్మ అడుగుతూనే ఉంది. సూర్యుడు పడమటికి పోతాడు, విమానమూ పడమటికే పోతుంది, అయితే ఇద్దరూ పందెం వేసుకుంటారా? సూర్యుడంత జోరుగా విమానం పోతే పొద్దు కదలకుండా అలాగే నిలబడిపోతుందా? అప్పుడు వయసు పెరుగుతుందా, ఆగుతుందా? వాళ్ళ పక్షులు మన పక్షులు నిద్రపోయే వేళకు కూస్తుంటే, అక్కడికి వెళ్ళిన పక్షి ఎప్పుడు కూయాలి? ఒక ప్రశ్నకు జవాబు తెలిసేలోపు ఇంకోటి పుట్టుకొచ్చేది. మాటల మధ్యలో చీకటి పడింది. టైంకీపరుగారు లాంతరు పట్టుకుని వచ్చి పద్నాలుగూ నిండాయని చెప్పేదాకా ఆమెకు తెలియనే లేదు. బోనులో దొరసాని గడ్డం నేలకానించి గురకపెడుతోంది.

డాక్టరు వచ్చి చూసి సరేనన్నాడు.

విమానంలో ఎందుకమ్మ తన ప్లాస్టిక్ కుర్చీనే తీసుకెళ్ళింది. పైకెగిరేటప్పుడూ దిగేటప్పుడూ ముందున్న సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుంది, మిగతా దారంతా బోను పక్కనే. మధ్యలో ఒకసారి, దొరసాని గురకపెడుతున్నప్పుడు, పైలట్ల గదిలోకి పిలిచి చూపించారు. మబ్బుల పైన సూర్యుడు ఒక పక్కగా వేలాడుతున్నాడు. చాలాసేపయ్యాక, అది మళ్ళీ నిద్రలో ఉండగా, ఇంకోసారి వెళ్ళి చూసింది. పొద్దు జానెడైనా జరిగినట్టు లేదు, ఇంటిదాకా దిగబెట్టే స్నేహితురాలిలా వెంట వస్తూనే ఉంది. ఆమె మురిసిపోయి వచ్చి దొరసానికి చెప్పింది. ఏడో గంట ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయిందో ఇద్దరికీ తెలియదు.

దిగిన వెంటనే భర్త ఫోను.

"ఎంతసేపు పట్టింది?"

"నేను చూడలేదండీ. కానీ మీరు చెప్పింది తప్పు కాదు. సూర్యుడి లెక్కలో ఆరు గంటలే. నా కళ్ళతో చూశాను."

అవతల ఆయన గొంతు సవరించుకున్నాడు. "తిన్నావా?" అన్నాడు.

బోనును లారీమీద కొత్త జూకు తెచ్చి ఖడ్గమృగాల ఆవరణ ముందు దించారు. ఎందుకమ్మ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. అక్కడి కాపరులు తలుపు తీశారు. బయట ఎండ, మెత్తటి గడ్డి, చక్కగా కలిపిన బురద గుంట, తొట్టినిండా యాపిల్ ముక్కలు. దొరసాని కదల్లేదు. కాపరులు వాళ్ళ భాషలో పిలిచారు, ఈల వేశారు, యాపిల్ ముక్కలు లోపలికి అందించబోయారు. అది హాయిగా పడుకునే ఉంది.

"ఏమైంది దీనికి? కాళ్ళు పట్టేశాయా?" అన్నాడు డాక్టరు కంగారుగా.

"లేదండీ. నేను లేస్తే వస్తుంది."

"మరి లే" అన్నాడాయన, అదేదో తేలికైన పని అయినట్టు.

ఎందుకమ్మ లేవలేదు. ఈ కుర్చీలో కూర్చున్నంతసేపూ ప్రయాణం ఇంకా అయిపోలేదు. దొరసాని ఇంకా తనదే. ఇన్నాళ్ళూ ఎప్పుడు లేస్తానా అని కుర్చీని కిర్రుకిర్రుమనిపించిన మనిషికి, ఇప్పుడు లేవాలంటే ప్రాణం పోతున్నట్టుంది. కాపరులు ఆమెకేసి వింతగా చూస్తున్నారు. బోనులో దొరసాని ఊపిరి నెమ్మదిగా వినిపిస్తోంది. గోడ అవతల ఎక్కడో బరువైన అడుగుల చప్పుడు, ఒక పెద్ద బుస. దొరసాని చెవులు రెండూ అటు తిరిగాయి. కానీ అది లేవలేదు. ఆమె కోసమే ఆగింది.

ఆమె లేచింది. కుర్చీ కిర్రుమంది.

దొరసాని వెంటనే లేచి, ఒళ్ళు విదిలించుకుని, బోను గడప దాటి ఎండలోకి నడిచింది. పళ్ళ తొట్టి దగ్గర కూడా ఆగకుండా తిన్నగా ఆ గోడ దగ్గరికి వెళ్ళి ముక్కు ఆనించింది. అవతలనుంచి మళ్ళీ బుస వినబడింది. ఎందుకమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుని, పరాయి మనుషుల మధ్య, పట్టపగలు, గట్టిగా ఏడ్చింది.